టిక్కు పెడితే మాత్ర మింగినట్టేనా?

రక్షణశాఖ లెక్కల విభాగంలో ముప్ఫయ్యేళ్ళు పనిచేసినవాణ్ణి. స్టోర్సులో సరుకు లెక్కపెట్టేముందు లెడ్జర్లో నిల్వ ఎంతుందో చూడకూడదని నాకు నేర్పిన పెద్దాయన ఒకరుండేవారు. చూశామా, లెక్క ఆ అంకె దగ్గరే ఆగుతుంది.

మా అమ్మ చివరి రోజుల్లో ఒక వృద్ధాశ్రమంలో ఉండేది. ఓ సాయంత్రం ఆరింటికి వెళ్తే, రాత్రి తొమ్మిదింటి బీపీ మాత్రకు చార్టులో అప్పుడే టిక్కు పడి ఉంది. అడిగితే "ఎలాగూ ఇస్తాం కద సార్, మా దగ్గర ఒక్క పొరపాటూ జరగలేదు" అంటూ పొరపాట్ల రిజిస్టరు తెచ్చి చూపించారు. నిజమే, ఖాళీగా ఉంది!

ఇలాంటి ఖాళీ రిజిస్టర్లని నమ్మని మనిషి అమెరికాలో ఉన్నాడని తర్వాత చదివాను. కెన్నెత్ బార్కర్ అనే ఫార్మసీ పరిశోధకుడు. మెక్కానెల్‌తో కలిసి ఆయన 1962లో ప్రచురించిన పద్ధతి చాలా మామూలుది. నర్సు వెంటే ఉండి, ఎవరికి ఏ మందు వేశారో కళ్ళతో చూసి రాసుకోవాలి. డాక్టరు చీటీతో పోల్చడం ఆ తర్వాతే. మా పెద్దాయన సూత్రమే కదా!

2002లో బార్కర్ బృందం 36 ఆసుపత్రుల్లో, నర్సింగ్ హోముల్లో 2,556 మోతాదులు పరిశీలించింది. (మన దగ్గర నర్సింగ్ హోమంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అక్కడ అది వృద్ధులకు దీర్ఘకాలం సేవచేసే చోటు.) తేలిన తప్పులు 457. పక్కనుండి చూసినవాళ్ళు పట్టుకున్నవి 300, చార్టులు తిరగేసినవాళ్ళు 17. సిబ్బంది తాముగా రాసిన నివేదికల్లో దొరికింది ఒక్కటి. వీటిలో వేళ తప్పినవీ ఉన్నాయి కాబట్టి అన్నీ ప్రాణాంతకాలేం కావు. అయినా సున్నా నివేదికలంటే సున్నా తప్పులు కావని రుజువైంది. అమెరికాలో నర్సింగ్ హోము తనిఖీకి వచ్చే అధికారి రికార్డులతో సరిపెట్టుకోడు. కనీసం 25 మోతాదులు దగ్గరుండి చూస్తాడు, తప్పులు 5 శాతానికి చేరితే లోపంగా రాస్తాడు.

నేనూ అమ్మ మాత్రలు లెక్కపెట్టాను. కొన్నవి 30, గడిచినవి 18 రోజులు. 12 మిగలాలి, 16 ఉన్నాయి. చార్టులో మాత్రం 18 టిక్కులు! ఆ నర్సమ్మాయి మీద నాకు కోపం రాలేదు, రాత్రిపూట నలభై మందికి ఆమె ఒక్కతే. మేనేజరుతో వారం రోజులు వాదించి, మింగాకే టిక్కు పెట్టేట్టు ఒప్పించాను. మరుసటి వారం పొరపాట్ల రిజిస్టర్లో మొదటిసారి మూడు పద్దులు పడ్డాయి.