శానిటైజర్ ఎవరి చేతుల కోసం పుట్టింది? మన చేతుల చరిత్ర కొంచెం



కరోనా పోయింది కదా, ఇప్పుడు శానిటైజర్ గురించి ఎందుకు అనొచ్చు. ఎందుకంటే ఆ సీసా మన తండాల్లోకి, గూడేల్లోకి, హాస్టళ్లలోకి వచ్చింది గానీ, దాని కథ మాత్రం మనకెవరూ చెప్పలేదు. కథ తెలియకపోతే ఏమవుతుందో మన రాయలసీమ పక్కనే చూసినాం.

2020 జులై చివర్లో నల్లమలకు అవతలి పక్క, ప్రకాశం జిల్లా కురిచేడులో కరోనా కట్టడి కోసం మందు షాపులు మూసేసినారు. తాగుడు అలవాటైనోళ్లు శానిటైజర్ తాగినారు. ఆ ఒక్క ఊళ్లోనే పది మందికి పైగా చనిపోయినారు. ఆగస్టు మొదట్లో మన కడప జిల్లా పెండ్లిమర్రి మండలంలో ఇంకో ముగ్గురు అట్లే పోయినారు. అందరూ రెక్కాడితే గానీ డొక్కాడని బతుకులే. ప్రాణం కాపాడాలని వచ్చిన సీసానే ప్రాణం తీసింది. అందుకే ఈ చరిత్ర మనం తెలుసుకోవాలి.

మొదట వియన్నాకు పోదాం. 1847లో అక్కడి పెద్దాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే డాక్టర్ ఉండేవాడు. ఆ ఆసుపత్రిలో కాన్పుల వార్డులు రెండు. ఒకదాంట్లో మంత్రసానులు, ఇంకోదాంట్లో డాక్టర్లు, వైద్య విద్యార్థులు పురుడు పోసేవాళ్లు. విచిత్రం ఏమంటే, చదువుకున్న డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువ చచ్చిపోయేవాళ్లు. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు కాన్పు చేయడానికి వస్తున్నారని ఆయన కనిపెట్టినాడు. క్లోరిన్ సున్నం నీళ్లతో చేతులు కడుక్కునే లోపలికి రావాలని పట్టుబట్టినాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోతుంటే, జూన్ కల్లా అది రెండుకు దిగింది. అయినా పెద్ద డాక్టర్లు ఒప్పుకోలేదు. రోగం తమ చేతుల్లోనే ఉందంటే వాళ్లకు నామోషీ. సెమ్మెల్వైస్ 1865లో పిచ్చాసుపత్రిలో చనిపోయినాడు.

ఆ తర్వాత కొన్నేండ్లకు మన సీమలో ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా కర్నూలు, కడప, బళ్లారి, అనంతపురం ప్రాంతాలు మాడిపోయినాయి. ఆకలితో పోయినోళ్లు కొందరైతే, కలరాతో పోయినోళ్లు ఎందరో. కరువు పనుల దగ్గర, గంజి కేంద్రాల దగ్గర జనం గుమికూడినారు. తాగే నీళ్లు, కడుక్కునే నీళ్లు ఒక్కటే మురికి గుంట. కలరా పురుగు ఏదో రాబర్ట్ కోచ్ తేల్చి చెప్పింది 1884లో, అదీ కలకత్తాలో పరీక్షలు చేసినాక. అంటే మన పూర్వీకులు దేనివల్ల చచ్చిపోతున్నారో లోకానికి సరిగ్గా తెలియకముందే వాళ్లు పోయినారు.

మరి మన పెద్దోళ్లు చేతులు కడుక్కోలేదా? కడుక్కున్నారు. పొయ్యి బూడిద వాడినారు, కుంకుడుకాయ వాడినారు. నల్లమల చెంచులు అడవిలో కుంకుడుకాయలు ఏరి అమ్మేవాళ్లు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ సరుకుల్లో కుంకుడు కూడా ఉంది. కుంకుడు నురగలో సపోనిన్ అనే పదార్థం ఉంటుంది. సబ్బు లాగానే అది జిడ్డును పట్టి నీళ్లతో పోగొడుతుంది. సబ్బు మనకు పరాయి చదువేం కాదని గుర్తు పెట్టుకోండి.

ఇంక శానిటైజర్ దగ్గరికి వద్దాం. ఆల్కహాల్ క్రిములను చంపుతుందని వైద్యులకు ఎప్పుడో తెలుసు. కానీ అది ప్రతి ఆసుపత్రిలో మంచం పక్కకు రావడానికి కారణం వేరే. 1990లలో జెనీవాలో డిడియే పిటె అనే డాక్టర్ తన ఆసుపత్రిలో గమనించినాడు: నర్సులు చేతులు కడుక్కోవాల్సినప్పుడల్లా కడుక్కోవడం లేదు. సోమరితనం కాదు, కుళాయి దాకా పోయి వచ్చే టైం లేదు. అందుకని ఆల్కహాల్ ద్రవం వాళ్ల అందుబాటులో పెట్టించినాడు. 1994లో 48 శాతం ఉన్న చేతుల శుభ్రత 1997కు 66 శాతానికి పెరిగింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ తయారీ పద్ధతిని అందరికీ చెప్పేసింది: ఇథనాల్ అయితే 80 శాతం, ఐసోప్రొపైల్ అయితే 75 శాతం, దాంతో కొంచెం హైడ్రోజన్ పెరాక్సైడ్, కొంచెం గ్లిజరిన్, మిగతాది నీళ్లు.

ఇక్కడే అసలు సంగతి ఉంది. శానిటైజర్ ఇట్లా పెరిగింది ఆసుపత్రిలో మట్టి, జిడ్డు అంటని చేతుల కోసం. వేరుశనగ పీకే చేతి కోసం కాదు, మిరప తోటలో మందు కొట్టే చేతి కోసం కాదు, పేడ ఎత్తే చేతి కోసం కాదు. మట్టి, జిడ్డు ఉన్న చేతి మీద ఆల్కహాల్ సరిగ్గా పనిచేయదు. పురుగుమందును అది తీసెయ్యదు. విరేచనాలు తెచ్చే నోరోవైరస్, క్రిప్టోస్పోరిడియం లాంటివాటి మీద, కడుపులో నులిపురుగుల గుడ్ల మీద దానికి బలం తక్కువ. సబ్బు అట్లా కాదు. కరోనా లాంటి వైరస్ పైన ఉండే కొవ్వు పొరను చీలుస్తుంది, చావని క్రిములను కూడా చేతి మీద నుంచి లేపి నీళ్లతో పంపించేస్తుంది. శానిటైజర్ చంపినా మురికిని అక్కడే వదిలేస్తుంది, సబ్బు కడిగేస్తుంది. తేడా ఇంతే.

మేం ఉన్న ఒక హాస్టల్లో కరోనా తర్వాత తెరిచినప్పుడు గేటు దగ్గర శానిటైజర్ చుక్క చేతిలో పోసేవాళ్లు, ఫోటో తీసేవాళ్లు. మరుగుదొడ్డి దగ్గర మాత్రం సబ్బు లేదు, ఒక్కోరోజు నీళ్లు కూడా లేవు. ఆ చుక్కతోనే పని అయిపోయిందని మేమూ అనుకున్నాం. సీసా కుళాయికి బదులు కాదని అప్పుడు అడగడానికి మాకు తెలియలేదు. ఇప్పుడు తెలుసు.

ఇంక వాడే తీరు. బస్సులో, పరీక్ష హాల్లో, నీళ్లు లేని చోట, చేతులు చూడ్డానికి శుభ్రంగా ఉంటే శానిటైజర్ వాడండి. సీసా మీద ఆల్కహాల్ 60 శాతం కంటే తక్కువ ఉంటే కొనొద్దు. నూటికి నూరు ఉంటే ఇంకా మంచిదని కాదు, క్రిమిని దెబ్బతీయడానికి కొంచెం నీళ్లూ కావాలి. చుక్క చాలదు, చేతులంతా తడవాలి. వేళ్ల సందులు, గోళ్ల చివరలు, బొటనవేలు రుద్దుతూ 20, 30 సెకండ్లు, తానంతట తాను ఆరేదాకా. మధ్యలో తుడవొద్దు. తడి చేత్తో పొయ్యి దగ్గరికి పోవద్దు, అంటుకుంటుంది. పిల్లలకు అందకుండా పెట్టండి. కల్తీ సీసాలో మిథనాల్ ఉంటే కొంచెం తాగినా కళ్లు పోతాయి, ప్రాణమే పోతుంది. ఎవరైనా తాగినారని తెలిస్తే సిగ్గుపడి ఇంట్లో దాయొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

అన్నం ముందు, దొడ్డికి పోయొచ్చినాక, చేను నుంచి వచ్చినాక మాత్రం సబ్బూ నీళ్లే, 20 సెకండ్లు. నీళ్లు యాడున్నాయి అంటారా? 1980లలో జింబాబ్వే పల్లెల్లో ఒక ఉపాయం పుట్టింది. డబ్బాకు చిన్న బొక్క పెట్టి కట్టెకు వేలాడదీసి, కింద తాడు కట్టి కాలితో తొక్కితే డబ్బా వంగి సన్నగా నీళ్లు పడతాయి. చెంబుతో పోసుకునే దానికంటే చాలా తక్కువ నీళ్లతో చేతులు కడగొచ్చు. ఒక డబ్బా, కొన్ని కట్టెలు, కొంచెం తాడు, పక్కన దారానికి కట్టిన సబ్బు ముక్క. ఈ సెలవులకు ఇంటికి పోయినప్పుడు మన తండాలో, గూడెంలో ఒక్కటి కట్టి చూద్దాం.

వియన్నాలో పెద్దోళ్లు తమ చేతులు చూసుకోలేదు. మన చేతులు మనం చూసుకుందాం. హాస్టల్లో సబ్బు లేకపోతే, కుళాయి రాకపోతే నలుగురం కలిసి కాగితం రాసి అడుగుదాం. అది మన హక్కు.