కప్పులో కన్నాలు

కొత్తవలసలో మా పాత ఇల్లు తాటాకు చుట్టిల్లు. చూరు ఎంత కిందికి ఉండేదంటే, వంగితే గానీ లోపలికి దూరలేం. పొయ్యి పొగ ఆకుల సందుల్లోంచే పోవాలి. బుడ్డి దీపం మాత్రం గోడ గూట్లోనే. ఆకు కిందికి తెచ్చామా, అమ్మ చేతిలో అయిపోయామే. ఎండాకాలం ఒక కొంపకి అగ్గి పడితే వరసంతా బూడిదే మరి.

తరవాత నాన్న కేకే రైల్వే లైన్లో పనికి కుదిరాడు. బైలదిల్లా ఇనప రాయిని జపానుకి పంపడానికి 1960లలో వేసిన ఆ లైను మా ఊళ్లోనే మొదలవుతుంది. శిమిలిగూడ దగ్గర దాదాపు 1000 మీటర్ల ఎత్తు. అక్కడ క్వార్టర్లో పుష్యమాసం చలికి నాన్న వెంటిలేటర్లో గోనెగుడ్డలు కుక్కేవాడు.

నిరుడు మిన్నెసోటాలో మా అమ్మాయింట్లో కూర్చుంటే నడినెత్తిన చల్లగాలి. సీలింగులోకి దిగేసిన లైటు డబ్బాల్లోంచి! నలభై ఏళ్లు వైరింగు చేశాను, అయినా ముందు నాకు తోచింది నాన్న గోనెగుడ్డే.

అక్కడి లైసెన్సు నాకు లేదు, ఆ ఊరి ఎలక్ట్రీషియన్ని పిలిచాం. మెయిను ఆపి డబ్బా విప్పితే చుట్టూ కన్నాలు. కావాలని పెట్టినవే. పాత ఫిలమెంటు బల్బు తినే కరెంటులో నూటికి 90 పాళ్లు వేడికే పోతుంది, ఆ వేడి అటక మీదికి పోవాలి కదా. ఇప్పుడేమో ఇంట్లో వెచ్చదనం అటే పోతోంది, ఈదురు కొడితే అటక మీది చలి ఇటు దిగుతోంది. 1973లో చమురుకి కటకట వచ్చాక అమెరికా వాళ్లు అటకల నిండా ఫైబరు గ్లాసు పరుపులు వేశారు. వాటి కింద డబ్బాలు ఉడికిపోయి ఇళ్లంటుకున్నాయి. అందుకే 1980ల నాటికి, వేడి మీరితే తనంతట ఆరిపోయే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పరుపు తగలకూడని రకం డబ్బా చుట్టూ 3 అంగుళాల ఖాళీ వదలాలి. నేను గుడ్డ కుక్కుంటే ఏమయ్యేదో!

పాతవి తీయించి, పరుపు తగిలినా ఫరవాలేని, గాలి చొరని ఎల్‌ఈడీలు పెట్టించాం. అంచు చుట్టూ సందు పూడ్పించాం. ఒక్కోదాని కిందా అగరొత్తి పట్టుకు చూశాను. వంటింటి దాని దగ్గర పొగ వంకరపోయింది, మళ్లీ విప్పించాను.

కొత్తవలసలోనూ ఇప్పుడు ప్రతి కొత్తింటికీ ఫాల్స్ సీలింగే, దానికి డజను లైట్లు. ఆ కన్నాల్లోంచి చలి రాదు. బల్లులొస్తాయి.