మిల్లు మురుగులో వెనిల్లా

1981 నాటికి ప్రపంచం వాడుకున్న వెనిల్లిన్‌లో దాదాపు 60 శాతం ఒకే ఊరి నుంచి వచ్చేది. ఐస్‌క్రీమ్‌కీ బిస్కెట్‌కీ వెనిల్లా వాసన తెచ్చేది ఈ వెనిల్లినే. ఆ ఊరు వెనిల్లా తీగలు పాకే మడగాస్కర్‌లో లేదు. కెనడాలో, నయాగరా జలపాతానికి దగ్గర్లో ఉంది. పేరు థొరాల్డ్. అక్కడ ఉన్నది ఒక కాగితం మిల్లు. గుజ్జు తీసేసుకున్నాక మిగిలిన మురుగు ద్రవంలోంచి ఆ పరిమళాన్ని రాబట్టేవారు.

ఆ మురుగులో ఉన్న అసలు సరుకు లిగ్నిన్. కలపలో సెల్యులోజ్ పోగులను ఒకదానికొకటి పట్టి ఉంచే బంక అది. పైన్, స్ప్రూస్ జాతి చెట్ల కలపలో పావు వంతుకు పైగా ఇదే ఉంటుంది. 1838లో ఫ్రెంచి రసాయనవేత్త ఆన్సెల్మ్ పాయెన్ కలపను నత్రికామ్లంతో, క్షారంతో కడిగి సెల్యులోజ్‌ను వేరు చేశాడు. కరిగిపోయినది ఆయన దృష్టిలో పోగుల మీద పేరుకున్న పూత. పరిశ్రమా అదే చూపుతో బయల్దేరింది. కావలసింది తెల్లటి పోగు, తక్కినది వదిలించుకోవలసిన పీడ.

వదిలించుకునే దారులు రెండు దొరికాయి. మొదటిది సల్ఫైట్ పద్ధతి. అమెరికాలో టిల్గ్‌మన్ 1867లో దానికి పేటెంటు తీసుకుంటే, స్వీడన్‌లో ఎక్మన్ 1874లో మిల్లులో నడిపించి చూపాడు. గంధకపు ఆమ్లంలో చెక్క ముక్కలు ఉడికితే లిగ్నిన్ నీళ్లలో కరిగే లిగ్నోసల్ఫొనేట్‌గా మారుతుంది. రెండోది జర్మన్ రసాయనవేత్త కార్ల్ డాల్ 1879లో డాంజిగ్‌లో కనిపెట్టిన క్రాఫ్ట్ పద్ధతి. ఇందులో కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడ్ కలిపి ఉడికిస్తారు. మిగిలే నల్లటి ద్రవాన్ని మన మిల్లుల్లోనూ బ్లాక్ లిక్కర్ అనే అంటారు.

ఈ రెండింటి మధ్య తేడా చూస్తేనే లిగ్నిన్ చరిత్ర అర్థమవుతుంది. బ్లాక్ లిక్కర్‌ను చిక్కబరిచి బాయిలర్‌లో మండిస్తే లిగ్నిన్ ఆవిరిని ఇస్తుంది, బూడిదలోంచి సోడా తిరిగి చేతికొస్తుంది. 1930లలో టామ్లిన్సన్ రికవరీ బాయిలర్ వచ్చాక ఈ లెక్క తిరుగులేనిదైంది. సున్నపు రాయితో నడిచే సల్ఫైట్ మిల్లుకు ఆ వెసులుబాటు లేదు. దాని ద్రవాన్ని మండిస్తే రసాయనం సులువుగా తిరిగి రాదు. అందుకే నదిలోకి వదిలేవారు. చెట్టులో సగం నీటిపాలయ్యేది. అందులోని చక్కెరలను తినే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్‌ను లాగేసేవి, చేపలు చచ్చేవి. లిగ్నిన్‌తో ఏదో ఒకటి చేయక తప్పని స్థితి సల్ఫైట్ మిల్లులదే. క్రాఫ్ట్ మిల్లులకు ఆ అవసరమే రాలేదు.

అమెరికాలోని విస్కాన్సిన్ నది ఒడ్డున రాత్స్‌చైల్డ్ అనే ఊళ్లో మారథాన్ పేపర్ మిల్లు ఉండేది. గై హోవర్డ్ అనే రసాయన నిపుణుడు అక్కడ మురుగులో సున్నం దఫదఫాలుగా కలిపి చూశాడు. మొదటి దఫాకు కాల్షియం సల్ఫైట్ అడుగున పేరుకుంది. దాన్ని మళ్లీ వంటలోకి పంపవచ్చు. ఇంకా సున్నం పోస్తే లిగ్నోసల్ఫొనేట్ విడివడి వడపోతకు చిక్కింది. శుద్ధి అంటే ఇంతే, ఖరీదైన రసాయనం ఒక్కటీ లేదు.

వెనిల్లిన్ ఆలోచన మాత్రం అంతకు చాలా ముందునాటిది. 1874లోనే జర్మనీలో టీమన్, హార్మన్‌లు పైన్ చెట్ల రసంలోని కోనిఫెరిన్ నుంచి దాన్ని తయారు చేశారు. అదే జాతి అణువుల అల్లికే లిగ్నిన్ అని తర్వాత స్వీడన్ శాస్త్రవేత్త పీటర్ క్లాసన్ ఊహించాడు. లిగ్నోసల్ఫొనేట్‌ను క్షారంలో, పీడనంలో వేడి చేసి గాలి పట్టిస్తే ఆ అల్లిక తెగి కొంత వెనిల్లిన్ వస్తుంది. కొంతే! 1930ల చివరికి అమెరికా, కెనడాల్లో ఇది వ్యాపారమైంది. తక్కిన లిగ్నోసల్ఫొనేట్ తోళ్లు పదును చేయడానికీ, తక్కువ నీటితో కాంక్రీటు జారేలా చేయడానికీ పనికొచ్చింది. వెనిల్లా కథ పరిమళిస్తుంది కాబట్టి అందరూ అదే చెబుతారు గానీ, నిలకడగా అమ్ముడైన సరుకు కాంక్రీటుదేనని నా అభిప్రాయం.

థొరాల్డ్ వెనిల్లిన్ యూనిట్ 1987లో మూతపడింది. మురుగును వాడుకోవడానికి పుట్టిన ఆ పరిశ్రమే క్షారపు మురుగును భారీగా మిగిల్చింది. పెట్రోలియం నుంచి వచ్చే గ్వాయకాల్‌తో చేసే వెనిల్లిన్ ఆ స్థానాన్ని ఆక్రమించింది. నార్వేలో సార్ప్స్‌బోర్గ్‌లోని బోరెగార్డ్ కంపెనీ మాత్రం 1962 నుంచి ఇప్పటికీ స్ప్రూస్ కలప నుంచి వెనిల్లిన్ తీస్తూనే ఉంది.

ఈలోగా ప్రపంచపు గుజ్జులో సింహభాగం క్రాఫ్ట్ పద్ధతికి పోయింది. రాజమండ్రి, కాగజ్‌నగర్, సారపాకల్లో సరుగుడు, సుబాబుల్ ఉడికించే మిల్లులదీ ఇదే దారి. లిగ్నిన్ అక్కడ బాయిలర్‌లోకే వెళ్తుంది. ఆవిరి కావాలి, సోడా కావాలి. వేరే సరుకు తీస్తామంటే మేనేజరు ఎందుకు ఒప్పుకుంటాడు?

ఆ బాయిలరే ఇరుకైనప్పుడు ఒప్పుకుంటాడు. గుజ్జు పెంచాలనుకున్న మిల్లుకు పెద్ద బాయిలర్ కొనే స్తోమత లేకపోతే, ద్రవంలోంచి కొంత లిగ్నిన్‌ను ముందే తీసేయడం చవక. స్వీడన్‌లో రూపుదిద్దుకున్న లిగ్నోబూస్ట్ పద్ధతిలో బ్లాక్ లిక్కర్‌లోకి కార్బన్ డయాక్సైడ్ పంపి క్షారగుణం తగ్గిస్తారు. లిగ్నిన్ విడివడుతుంది. దాన్ని వడకట్టి, ఆమ్లపు నీటిలో మళ్లీ కలిపి, సోడియం పోయేదాకా కడుగుతారు. ఈ రెండో కలపడమే కిటుకు. నేరుగా కడిగితే ముద్ద పూడుకుపోయి నీరు దిగదు.

2013లో అమెరికాలోని ప్లిమత్‌లో, 2015లో ఫిన్లాండ్‌లోని సునిలాలో ఈ యూనిట్లు నడక మొదలుపెట్టాయి. గోధుమరంగు పొడి బస్తాల్లోకి చేరింది. ప్లైవుడ్ జిగురులో ఫీనాల్‌కు బదులుగా దాన్ని వాడారు. 2023లో సునిలా గుజ్జు మిల్లునే యజమానులు మూసేశారు. గుజ్జు ఆగాక లిగ్నిన్ యూనిట్‌కు తీయడానికి ఏమీ మిగల్లేదు.