సీసీఆర్5 (మానవ కీమోకైన్ గ్రాహకం)

సీసీఆర్5 తెల్ల రక్తకణాల పైపొరలో ఉండే గ్రాహక ప్రోటీన్. దీన్ని తయారుచేసే జన్యువు పేరు కూడా అదే. మూడో క్రోమోజోము పొట్టి భుజం మీద సీసీఆర్2 జన్యువుకు పక్కనే ఉంటుంది. దీని పేరు ఎక్కువగా హెచ్ఐవి సందర్భంలోనే వినిపిస్తుంది. గోదావరిఖని, రామగుండం వంటి సింగరేణి బొగ్గు గనుల ప్రాంతాల వాళ్లు దీన్ని తెలుసుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. బొగ్గు ధూళి పీల్చిన ఊపిరితిత్తుల్లో వాపు, గట్టిపడటం ఎలా సాగుతాయన్న పరిశోధనలో ఈ గ్రాహకం పేరు కూడా వచ్చింది.

నిర్మాణం, పని

ఇది 352 అమైనో ఆమ్లాల గొలుసు. కణపొరను ఏడుసార్లు దాటుతుంది. బయటి భాగం కీమోకైన్లను పట్టుకుంటే, లోపలి భాగం జి ప్రోటీన్ల ద్వారా కణానికి కబురు చేరవేస్తుంది. దెబ్బ తగిలిన చోట, సూక్ష్మజీవి చేరిన చోట కణాలు వదిలే చిన్న ప్రోటీన్లే కీమోకైన్లు. సీసీఆర్5కు అతికేవాటిలో ముఖ్యమైనవి సీసీఎల్3, సీసీఎల్4, సీసీఎల్5. ఇవి ఎటు చిక్కగా ఉంటే టీ కణాలు, మాక్రోఫేజ్‌లు అనే తెల్ల రక్తకణాలు అటు కదులుతాయి. ఈ జన్యువును 1996లో గుర్తించారు. ప్రోటీన్ త్రిమితీయ రూపం 2013లో బయటపడింది.

హెచ్ఐవి, డెల్టా 32

హెచ్ఐవి కణంలోకి చొరబడాలంటే సీడీ4 అనే గ్రాహకం ఒక్కటే చాలదు, మరో గ్రాహకం కావాలి. చాలా సందర్భాల్లో అది సీసీఆర్5 అని 1996లోనే తేలింది. భారతదేశంలో ఎక్కువగా కనిపించే సి ఉపరకం వైరస్ దాదాపు పూర్తిగా దీనిమీదే ఆధారపడుతుంది. జన్యువులో 32 బేస్ జతలు ఊడిపోయిన రూపాన్ని డెల్టా 32 అంటారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ రూపమే వచ్చినవారి కణాలపై ఈ గ్రాహకం ఉండదు. దీన్ని వాడుకునే వైరస్ వారికి సోకడం చాలా అరుదు. 2007లో బెర్లిన్‌లో హెచ్ఐవి ఉన్న టిమోతీ రే బ్రౌన్‌కు అలాంటి దాత మూలకణాలు ఎక్కించాక హెచ్ఐవి నయమైంది. ఈ గ్రాహకాన్ని అడ్డుకునే మారవిరోక్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది కూడా ఆ ఏడాదే.

తెలుగు నేలలో ఈ రూపం బహు అరుదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 11 జనసమూహాలకు చెందిన 525 మంది ఆరోగ్యవంతుల డీఎన్ఏను పరిశీలించిన అధ్యయనం 2001లో అచ్చయింది. డెల్టా 32 ఎరుకల, పఠాన్, హబ్షీ సమూహాల్లో మాత్రమే, అదీ 1 నుంచి 3 శాతం మేరకే కనిపించింది. హెచ్ఐవి వ్యాధి ముదరడాన్ని ఆలస్యం చేసే సీసీఆర్2-64ఐ రూపం మాత్రం అన్ని సమూహాల్లోనూ 3 నుంచి 17 శాతం దాకా ఉంది. యూరప్ ప్రజల్లో డెల్టా 32 సగటున 10 శాతం దాకా ఉంటుంది. జన్యువు ఇచ్చే ఆ రక్షణ ఇక్కడి వాళ్లకు దాదాపు లేదనే అనుకోవాలి.

బొగ్గు ధూళి

బాయిలో బొగ్గు కోసేటప్పుడు, పేల్చేటప్పుడు, ఓపెన్‌కాస్టులో డ్రిల్లింగ్ చేసేటప్పుడు, డంపర్లు తిరిగేటప్పుడు లేచే ధూళిలో కంటికి కనబడని రేణువులే ఎక్కువ ప్రమాదకరం. అవి గాలిగదుల దాకా దిగిపోతాయి. మాక్రోఫేజ్‌లు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. అలా ఇబ్బందిపడిన కణాలు కీమోకైన్లు వదిలి మరిన్ని కణాలను పిలుస్తాయి. ఏళ్ల తరబడి ఇదే సాగితే ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దీన్నే బొగ్గు గని కార్మికుల న్యుమోకోనియోసిస్ అంటారు.

ఫ్రాన్స్‌లో 209 మంది గని కార్మికులను 1990, 1994, 1999లలో పరీక్షించిన అధ్యయనం ఇక్కడ ముఖ్యమైనది. డెల్టా 32 ఉన్నవారి సీటీ స్కాన్లలో మచ్చల స్కోరు మిగతావారికంటే ఎక్కువగా తేలింది. హెచ్ఐవి నుంచి కాపాడే లోపమే ధూళి దగ్గరికి వచ్చేసరికి కీడు వైపు మొగ్గిందన్నమాట. వాపును అణిచే టీ కణాలు కూడా సీసీఆర్5 సాయంతోనే వాపు ఉన్న చోటికి చేరతాయి కాబట్టి, ఇలా జరగడానికి అవకాశం ఉంది. అదే అధ్యయనంలో సీఎక్స్3సీఆర్1 అనే మరో కీమోకైన్ గ్రాహకంలోని ఒక రూపం ఉన్నవారిలో వ్యాధి తక్కువగా కనిపించింది. 209 మంది చిన్న సంఖ్యే. దీన్నిబట్టి ఎవరి జాతకమూ చెప్పలేం. సీసీఆర్5 లేకపోతే నష్టమూ ఉంటుందన్న మాట మరో సందర్భంలోనూ వచ్చింది. 2018లో శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ చైనాలో పిండాల సీసీఆర్5ను మార్చానని ప్రకటించినప్పుడు ప్రపంచ శాస్త్రవేత్తలు తీవ్రంగా తప్పుపట్టారు. ఈ జన్యువు చేసే మంచి పనులు కూడా ఉన్నాయన్నది వారి అభ్యంతరాల్లో ఒకటి. దీన్ని పూర్తిగా కోల్పోయినవారిలో వెస్ట్‌నైల్ వైరస్ జ్వరం తీవ్రమయ్యే ముప్పు ఎక్కువని 2006 నుంచే తెలుసు.

సింగరేణిలో

జన్యు పరీక్షతో ఇక్కడి కార్మికుడికి ఒరిగేదేమీ లేదు. డెల్టా 32 దాదాపు లేని జనంలో ఎవరికి జబ్బు వస్తుందో ప్రధానంగా నిర్ణయించేది పీల్చిన ధూళి, అందులోని సిలికా, పనిచేసిన ఏళ్లు. న్యుమోకోనియోసిస్‌ను 1952 గనుల చట్టం కింద ప్రకటిత వ్యాధుల్లో చేర్చారు. అంటే గుర్తించిన డాక్టరు అధికారులకు తెలియజేయాలి. 1955 గనుల నియమాలు ఉద్యోగంలో చేరేటప్పుడూ, ఆ తర్వాత నిర్ణీత గడువుల్లోనూ వైద్య పరీక్షను తప్పనిసరి చేశాయి. గడువుల ప్రకారం జరిగే ఆ పరీక్షనే కార్మికులు పీఎంఈ (పీరియాడికల్ మెడికల్ ఎగ్జామినేషన్) అంటారు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష అందులో కీలకం. ముదిరిన న్యుమోకోనియోసిస్ ధూళికి దూరమైన తర్వాత కూడా పెరగగలదు. సిలికా ఎక్కువైతే క్షయ ముప్పు కూడా పెరుగుతుంది. అందుకే రిటైరైన కార్మికుడు దగ్గుతో ఆస్పత్రికి వస్తే, ఏ పనిస్థలంలో ఎన్నేళ్లు చేశాడో డాక్టరు అడిగి రాసుకోవాలి, పాత పీఎంఈ ఎక్స్‌రేలతో కొత్తదాన్ని పోల్చి చూడాలి.