మా అక్క కాలేజీ చరిత్ర

మా అక్క చదివిన కాలేజీకి పెద్ద గేటు లేదు, ఆటస్థలం లేదు. రాయపురంలో మా ఇంటి దగ్గర బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో దిగిపోవచ్చు. పాత మేడ, పైన మూడు గదులు, అంతే. మొదటిసారి అక్కతో వెళ్లినప్పుడు "ఇదేనా కాలేజీ?" అని నవ్వాను. అక్క ఏమీ అనలేదు. నేను నవ్వింది తప్పని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇలాంటి వాటిని కమ్యూనిటీ కాలేజీలు అంటారు. మా సోషల్ టీచర్ ఈ ఏడు "మీ ఇంటికి సంబంధించిన ఏదైనా ఒక విషయానికి చరిత్ర వెతికి రాయండి" అన్నారు. నా స్నేహితులు చాలామంది తమ తాతలు మద్రాసుకు ఎలా వచ్చారో రాశారు. నేను అక్క కాలేజీ చరిత్ర వెతికాను. అది అమెరికాలో మొదలైంది.

షికాగోకు దగ్గరలో జోలియట్ అనే ఊరు ఉంది. వంద ఏళ్ల క్రితం అక్కడ హైస్కూలు ముగించిన పిల్లల్లో చాలామందికి పై చదువు అందేది కాదు. కాలేజీ అంటే ఊరు వదలాలి, అక్కడే ఉండి తినడానికి డబ్బు కావాలి. ఆ ఊరి హైస్కూలు పెద్ద జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో విశ్వవిద్యాలయం అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ కలిసి ఒక ఉపాయం ఆలోచించారు. కాలేజీలో మొదటి రెండేళ్లు చెప్పే పాఠాలను ఆ హైస్కూల్లోనే చెప్పిస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. 1901లో అలా జోలియట్ జూనియర్ కాలేజీ మొదలైంది. మొదట చేరింది ఆరుగురే. మా క్లాసులో రెండు బెంచీల మీద కూర్చునేంత మంది! అమెరికాలో ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో అదే మొదటిదని చెబుతారు.

తర్వాత 1930లలో పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చింది. పనులు పోయిన కాలం అది. అప్పుడు ఇలాంటి కాలేజీలు ఉద్యోగానికి పనికొచ్చే కోర్సులు కూడా ఎక్కువగా చెప్పాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసే ముందు, 1944లో, అక్కడి ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు చదువుకుంటే ఖర్చు ప్రభుత్వమే ఇస్తుంది. పెళ్లయినవాళ్లు, పిల్లలున్నవాళ్లు కూడా పుస్తకాలు పట్టుకుని క్లాసులకు వచ్చారు. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ వేసిన సంఘం ఊరూరా ఇలాంటి కాలేజీలు ఉండాలని చెప్పింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు బాగా వాడుకలోకి వచ్చింది ఆ నివేదిక వల్లనే. 1960ల పదేళ్లలోనే అక్కడ నాలుగు వందలకు పైగా కొత్త కాలేజీలు తెరిచారు.

అక్కడ రెండేళ్లు చదివి, ఆ మార్కులతో పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లవచ్చు. ఐలీన్ కాలిన్స్ అనే ఆమె అలాగే చదివారు. ఇంట్లో డబ్బు లేక, న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీలో చేరి, తర్వాత సిరక్యూస్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1999లో అంతరిక్ష నౌకకు కమాండర్ అయిన మొదటి మహిళ ఆమెనే. చేరినవాళ్లందరూ అలా పైకి వెళ్లరు. మధ్యలో మానేసేవాళ్లు అక్కడా చాలామంది ఉన్నారు. కానీ ముందు చేరడానికి తలుపు తెరిచి ఉంది.

మన దేశానికి ఈ ఆలోచన ఆలస్యంగా వచ్చింది. 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం ఒక కమ్యూనిటీ కాలేజీ పెట్టింది. ఆ మరుసటి ఏడు, 1996లో, మా చెన్నైలో మద్రాసు–మైలాపూరు కేథలిక్ అగ్రపీఠం ఇంకొకటి మొదలుపెట్టింది. 2013లో యూజీసీ కూడా ఇందుకు ఒక పథకం తెచ్చింది. మన దగ్గర ఇవి ఎక్కువగా పని నేర్పే కోర్సులు. అమెరికాలో లాగా ఇక్కడి నుంచి డిగ్రీకి వెళ్లడం అంత సులభం కాదు. అది ఒక లోటే.

ఇప్పుడు మా ఇంటి సంగతి. అక్క ప్లస్ టూలో లెక్కల్లో ఫెయిలైంది. ఆ రోజు నాయన అన్నం తినలేదు. చుట్టాలొచ్చి "ఆడపిల్ల కదా, సంబంధం చూసేయండి" అన్నారు. అక్క మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దున్నే లేచి అమ్మతో టిఫిన్ బండి దగ్గరికి పోయేది. ఎనిమిది నెలలు అలాగే గడిచాయి. బండి దగ్గర ఇడ్లీ తినడానికి వచ్చే ఒక నర్సమ్మ ఈ కాలేజీ గురించి చెప్పింది. ఫెయిలైనా చేర్చుకుంటారు, ఫీజు నెలనెలా కట్టుకోవచ్చు అంది. అమ్మ ముందు నమ్మలేదు.

అక్క రోగులకు సాయం చేసే హెల్త్ అసిస్టెంట్ కోర్సులో చేరింది. ఒక్క ఏడాది. క్లాసు పదింటికి మొదలై మధ్యాహ్నం ఒకటిన్నరకు అయిపోయేది. అందుకే పొద్దున అమ్మకు సాయం చేయడం మానక్కర్లేదు. తొమ్మిదింటికి బండి దగ్గర చేతులు కడుక్కుని, జడ వేసుకుని బస్సెక్కేది. ఆమె క్లాసులో నలభై ఏళ్ల ఆంటీ కూడా ఉంది. ఆమె, ఆమె కూతురు ఒకే టేబుల్ దగ్గర హోమ్‌వర్క్ చేసుకునేవారట! రోగితో ఎలా మాట్లాడాలి, బీపీ ఎలా చూడాలి, కంప్యూటర్‌లో ఎలా రాయాలి, ఇవన్నీ నేర్పారు. చివరి మూడు నెలలు ఆస్పత్రిలో పని.

ఆ ఆస్పత్రిలో జరిగింది నేను మర్చిపోలేను. నెల్లూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తమిళం ఒక్క ముక్క రాదు. నర్సు అడిగేది ఆయనకు అర్థం కాలేదు, ఆయన చెప్పేది నర్సుకు అర్థం కాలేదు. అక్క మధ్యలో నిలబడి ఇద్దరికీ చెప్పింది. ఆ తర్వాత తెలుగువాళ్లు ఎవరొచ్చినా అక్కనే పిలిచేవారట. "తెలుగు మీడియంలో చదివి ఏం చేస్తారు?" అని మమ్మల్ని అడిగిన ఆ చుట్టాలే గుర్తొచ్చారు నాకు.

ఇప్పుడు అక్క మా పేటలోనే ఒక క్లినిక్‌లో పని చేస్తోంది. రాత్రి అవ్వకు బీపీ చూసి నోట్‌బుక్‌లో రాస్తుంది. లెక్కల పరీక్ష మళ్లీ రాసి పాసైంది కూడా. నర్సింగ్ చదవాలని ఇప్పుడు ఆమె పట్టుదల. నాయన ఆ నోట్‌బుక్ తీసి ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చూపిస్తారు.

చరిత్ర పుస్తకంలో యుద్ధాలు, రాజులు ఉంటారు. జోలియట్‌లోని ఆరుగురి గురించి మా పుస్తకంలో లేదు. కానీ వాళ్ల కోసం తెరిచిన తలుపు ఎక్కడెక్కడో తిరిగి మా టిఫిన్ బండి దాకా వచ్చింది. నేను వచ్చే మార్చిలో పది రాస్తాను. బాగా రాయాలనే ఉంది. మన బడిలో చదివి, ఒక్క పరీక్ష పోయి ఇంట్లో కూర్చున్న అన్నయ్యలు, అక్కయ్యలు మీకు తెలిస్తే, ఈ కాలేజీల సంగతి వాళ్లకు చెప్పండి. మాకు ఆ నర్సమ్మ చెప్పినట్టే.