సంగ్రహణి నుండి ఆరియోమైసిన్ వరకు: ఎల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం చెప్పే వైద్యధర్మం

శ్రీమద్భగవద్గీత పదిహేనవ అధ్యాయంలో భగవానుడు, తాను వైశ్వానరాగ్నిగా ప్రాణుల దేహాలను ఆశ్రయించి చతుర్విధాన్నాన్ని పచనం చేస్తున్నానని ఉపదేశించాడు. జఠరంలోని అగ్ని సాక్షాత్తు భగవద్విభూతి. అందుచేతనే మన పూర్వులు ఉదరవ్యాధిని ఏనాడూ అల్పంగా ఎంచలేదు.

చరకసంహిత చికిత్సాస్థానంలో 15వ అధ్యాయం గ్రహణీరోగానికి సంబంధించినది. అన్నాన్ని గ్రహించి, పక్వమయ్యేవరకు నిలిపి ఉంచే స్థానం గ్రహణి. అగ్ని దుర్బలమైతే అన్నం అపక్వంగానే జారిపోతుంది, దేహం క్షీణిస్తుంది. పులితేన్పులు, గుండెమంటలతో కూడిన ఆమ్లపిత్తాన్ని కాశ్యపసంహిత, మాధవనిదానం ప్రత్యేక వ్యాధిగా వర్ణించాయి. అన్నం జీర్ణమయ్యే వేళ పుట్టే నొప్పికి మాధవకరుడు పరిణామశూల అని పేరు పెట్టాడు. నేటి వైద్యులు జఠరవ్రణం అని చెప్పే వ్యాధి లక్షణాలు అందులో చాలావరకు గోచరిస్తాయి.

ఈ వైద్యవిద్య గ్రంథాలకే పరిమితం కాలేదు. జనగామ జిల్లాలో పాలకుర్తి సోమేశ్వరుడు, మహబూబాబాద్ జిల్లాలో కురవి వీరభద్రుడు, భూపాలపల్లి జిల్లాలో కాళేశ్వర ముక్తేశ్వరుడు వెలసిన ఈ భూమి ఒకనాటి కాకతీయ సామ్రాజ్య హృదయం. శివార్చనకు బిల్వదళం ఎంత ప్రియమో, గ్రహణికి బిల్వవృక్షపు లేతకాయ అంత హితమని ఆయుర్వేదం చెబుతుంది. ఓరుగల్లు నుండి పాలించిన రుద్రమదేవి, గోళకీమఠాచార్యులైన విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన గ్రామదానాన్ని 1261 నాటి మల్కాపురం శాసనం తెలుపుతున్నది. ఆ ధర్మంలో దేవాలయంతో పాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల కూడా ఉన్నాయి. వ్యాధిగ్రస్తునికి ఔషధమివ్వడం ఈశ్వరారాధనలో అంతర్భాగమని ఆ కాలం ఎరుగును.

ఆ సంప్రదాయపు ఫలం ఇరవయ్యవ శతాబ్దంలో ఒక తెలుగువాని జీవితంలో ప్రత్యక్షమైంది. ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్యసించాలని కోరుకున్నారు; తల్లి వెంకమ్మగారు అనుమతించలేదు. మద్రాసులో వైద్యవిద్య అభ్యసించారు. తోబుట్టువైన పురుషోత్తం గారిని స్ప్రూ అనే వ్యాధి బలిగొన్నది. మన వైద్యులు సంగ్రహణి అని వ్యవహరించిన రోగానికి సన్నిహితమైనది అది. అదే వ్యాధి సుబ్బారావు గారినీ పట్టి పీడించింది. పాశ్చాత్య వైద్యంలో పట్టభద్రులై ఆయుర్వేదానికి జీవితాన్ని అంకితం చేసిన ఆచంట లక్ష్మీపతి గారి ఔషధాలతో ఆయన స్వస్థులయ్యారు. అనంతరం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేశారు.

ఆయన అక్కడితో ఆగలేదు. తనను కాపాడిన ఔషధం పట్ల కృతజ్ఞత, తోబుట్టువును కాపాడలేకపోయిన వేదన, రెండూ ఆయనను అన్వేషణకు పురికొల్పాయి. తరువాత అమెరికా చేరారు. లెడర్లీ సంస్థలో ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన పర్యవేక్షణలోనే బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశారు. 1948లో అది లోకానికి అందింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే ప్రథమ ఔషధం. ఆ సంవత్సరం ఆగస్టులోనే సుబ్బారావు గారు పరమపదించారు. ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్: ఈ రెండే నేడు స్ప్రూ వ్యాధికి ప్రధాన చికిత్స. తన ఇంట మృత్యువును తెచ్చిన రోగానికి ఆయన కృషి నుండే విరుగుడు లభించింది.

ఈ కథకు మరొక అధ్యాయం ఉన్నది. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ అనే వైద్యులు జఠరంలో నివసించే హెలికోబాక్టర్ పైలోరీ అనే క్రిమిని గుర్తించి పెంచగలిగారు. అంతటి ఆమ్లంలో ఏ జీవీ మనలేదని నమ్మిన లోకం వారిని విశ్వసించలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములను స్వయంగా సేవించి, జఠరశోథతో బాధపడి నిరూపించాడు. ఇరువురికీ 2005లో నోబెల్ బహుమతి లభించింది. ఆ క్రిమి జఠరవ్రణానికే గాక జఠర క్యాన్సర్‌కూ కారణమని 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నిర్ధారించింది. మొండికెత్తిన ఈ క్రిమిపై వాడే చతుర్విధ చికిత్సలో టెట్రాసైక్లిన్ ఒకటి.

మరి మన మూలికల స్థానమేమిటి? అతిమధురం, పసుపు, తేనె, వెల్లుల్లి ఆ క్రిమి వృద్ధిని అడ్డగించే గుణం కలవని ప్రయోగశాలల్లో కనబడింది. కానీ వాటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా దానిని నిర్మూలించగలదని రుజువు కాలేదు. అతిమధురం అతిగా సేవిస్తే రక్తపోటు పెరుగుతుంది. కనుక మూలికలు పథ్యానికి తోడుగా, వైద్యునికి తెలిపి సేవించదగినవి. శ్వాసపరీక్షతోగాని, మలపరీక్షతోగాని, ఎండోస్కోపీతోగాని క్రిమి ఉన్నదని తేలితే, వైద్యుడు విధించిన పది, పధ్నాలుగు దినాల ఔషధాన్ని వ్రతం వలె మధ్యలో విడువక పూర్తిచేయాలి. నల్లని మలం, రక్తవమనం, అకారణంగా కృశించడం కనిపించిన నాడు ఇంటివైద్యంతో కాలక్షేపం చేయడం ప్రాణహాని.

చికిత్సకు ముందు నిదానం తెలుసుకోవాలన్నది ఆయుర్వేద హృదయం. నిదానంలో క్రిమి కనబడినప్పుడు దానిని చంపే ఔషధాన్ని స్వీకరించడం శాస్త్రద్రోహం కాదు, శాస్త్రాన్ని అనుసరించడమే. లక్ష్మీపతి గారి ఔషధంతో బ్రతికిన సుబ్బారావు గారు లోకానికి ఆరియోమైసిన్ అందించడం ఆ మార్గంలో నడవడమే. ఔషధం ఏ దేశం నుండి వచ్చినా, దానిని జీర్ణింపజేసే వైశ్వానరుడు ఒక్కడే.

స్వస్తి.