అనారోగ్యం, కోల్పోయిన పనిదినాలు, ఔషధ విధానం - అనకాపల్లి జిల్లా నేపథ్యం

(ప్రత్యేక వ్యాసం)

అనకాపల్లి: కుటుంబంలో ఒకరు జబ్బుపడినప్పుడు ఆ కుటుంబంపై రెండు విధాల భారం పడుతుంది. వైద్యం, పరీక్షలు, మందులు, రాకపోకలకు అయ్యే ఖర్చు మొదటిది. పనికి వెళ్ళలేక కోల్పోయిన ఆదాయం రెండవది. మొదటి దానికి బిల్లులు, రసీదులు ఉంటాయి. రెండవ దానికి ఏ రసీదూ ఉండదు. అయితే అనేక వ్యాధులలో ఈ రెండవ భారమే అధికమని ఆరోగ్య ఆర్థికశాస్త్ర పరిశోధనలు వెల్లడిస్తున్నాయి. కావున మందుల ధర, సరఫరాలకు సంబంధించిన విధానాలను ఈ రెండు భారాలనూ దృష్టిలో ఉంచుకొని పరిశీలించవలసి ఉన్నది.

2022 ఏప్రిల్ 4న పూర్వపు విశాఖపట్నం జిల్లా నుంచి ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఈ అంశానికి ప్రత్యేక ప్రాధాన్యం కలదు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి ఇక్కడ ఉన్నది. చెరకు కోత, బెల్లం వంట, మార్కెట్ పనులపై ఆధారపడిన రోజుకూలీలు జిల్లాలో అధికం. మరొకవైపు పరవాడ, అచ్యుతాపురం మండలాల్లో ఔషధ పరిశ్రమలు విస్తరించాయి. అనగా మందులు తయారుచేసేవారు, జబ్బుపడితే ఆ రోజు కూలిని కోల్పోయేవారు ఒకే జిల్లాలో ఉన్నారు.

లెక్కించే విధానం

కోల్పోయిన పనిదినాలకు విలువ కట్టడానికి పరిశోధకులు ప్రధానంగా రెండు పద్ధతులను అనుసరిస్తున్నారు. రోగి పనిచేయలేకపోయిన కాలాన్ని అతని వేతనంతో హెచ్చించడం మొదటి పద్ధతి. దీనిని మానవ మూలధన పద్ధతి అంటారు. రోగి స్థానంలో మరొకరు కుదురుకొనేంత వరకు జరిగిన నష్టాన్ని మాత్రమే లెక్కించడం రెండవ పద్ధతి. దీనిని 1990 దశకంలో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్రతిపాదించారు. యజమాని లేదా సమాజానికి కలిగే నష్టాన్ని అంచనా వేయడానికి రెండవ పద్ధతి ఉపకరిస్తుంది. కూలీ స్థానంలో మరొక కూలీ దొరికినంత మాత్రాన జబ్బుపడినవారి ఇంటికి ఆదాయం రాదు కనుక, కుటుంబ నష్టానికి మొదటి పద్ధతే తగినది.

రోగికి తోడుగా ఉన్న కుటుంబసభ్యులు కోల్పోయిన కూలి, నీరసంతోనే పనికి వెళ్ళి తక్కువ పని చేయగలిగినందువల్ల తగ్గిన సంపాదన కూడా ఈ లెక్కలోకి వస్తాయి. ఈ రెండు అంశాలూ తరచుగా విస్మరణకు గురవుతున్నాయి.

పరిశోధనల ఫలితాలు

చెన్నైలోని క్షయ పరిశోధనా కేంద్రం దక్షిణ భారతంలోని రోగులపై జరిపిన అధ్యయనం 1999లో ప్రచురితమైంది. ఒక్కొక్క క్షయ రోగి సగటున 83 పనిదినాలను కోల్పోయినట్లు అందులో తేలింది. వైద్యం తదితరాలకు సగటున 2,052 రూపాయలు ఖర్చు కాగా, కోల్పోయిన ఆదాయం తదితర పరోక్ష నష్టం 3,934 రూపాయలుగా నమోదైంది. మొత్తం భారంలో ఇది సుమారు మూడింట రెండు వంతులు. రోగుల కుటుంబాలలోని బడి పిల్లల్లో 11 శాతం మంది చదువు మానివేసినట్లు కూడా ఈ అధ్యయనం పేర్కొన్నది.

ఉత్తరాంధ్ర తీరప్రాంతానికి చిరపరిచితమైన బోదకాలు వ్యాధి విషయంలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. వైద్యపు ఖర్చు, పని నష్టం కలిపి ఈ వ్యాధివల్ల దేశానికి ఏటా సుమారు 84 కోట్ల డాలర్ల నష్టం కలుగుతున్నదని 2000లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. ఇందులో పుదుచ్చేరిలోని కీటకజనిత వ్యాధుల నియంత్రణ పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలు పాల్గొన్నారు. 2004 నుంచి దేశంలో బోదకాలు వ్యాపించిన జిల్లాల్లో ఏటా ఇంటింటికీ డి.ఇ.సి. మాత్రల పంపిణీ చేపట్టారు. స్వల్ప వ్యయంతో లభించే మాత్ర పెద్ద మొత్తంలో పని నష్టాన్ని నివారించగలదనడానికి ఇది ఉదాహరణ.

వ్యాధుల తీరు కూడా మారుతున్నది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాలలో 2003-04లో నమోదైన మరణాలను పరిశీలించగా, 32 శాతం మరణాలకు గుండె, రక్తనాళాల వ్యాధులు కారణమని వెల్లడైంది. అంటువ్యాధుల వాటా 12 శాతం మాత్రమే. రక్తపోటు, మధుమేహం వంటి వ్యాధులకు ప్రతిరోజూ మందు వాడవలసి ఉంటుంది. మందు ఆగితే పక్షవాతం, గుండెపోటు ముప్పు పెరుగుతుంది. సంపాదనాపరుడు మంచం పడితే ఆ కుటుంబం కోల్పోయేది కొన్ని రోజుల కూలి కాదు, సంవత్సరాల ఆదాయం.

ధర తగ్గింపు, సకాల చికిత్స - ఒక ఉదాహరణ

2025-26 ఆర్థిక సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పథకం కింద రోజుకూలి 307 రూపాయలుగా నిర్ణయించబడింది. ఈ రేటు ప్రకారం జ్వరంతో ఒక కూలీ 10 రోజులు, తోడుగా ఉన్నవారు 4 రోజులు పని మానితే, 14 దినాలకు నష్టం 4,298 రూపాయలు. మందుల ఖర్చు 600 రూపాయలని అనుకుంటే, మందుల ధర సగానికి తగ్గినప్పుడు ఆ కుటుంబానికి మిగిలేది 300 రూపాయలు. అదే మందు తొలి రోజులలోనే అంది, జబ్బు 4 రోజులు ముందుగా తగ్గితే మిగిలేది 1,228 రూపాయలు.

ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు మాత్రమే. ధర తగ్గింపు అవసరమే అయినప్పటికీ, సమీపంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు అందుబాటులో ఉండడం అంతకు మించిన మేలు చేయగలదని ఈ లెక్క సూచిస్తున్నది.

ధరల నియంత్రణ

జాతీయ నమూనా సర్వే 71వ విడత (2014 జనవరి-జూన్) ప్రకారం, ఆసుపత్రిలో చేరకుండా పొందిన చికిత్స ఖర్చులో మందుల వాటా గ్రామాల్లో 72 శాతం, పట్టణాల్లో 68 శాతం. అందువల్ల ధరల నియంత్రణకు ప్రాముఖ్యం ఏర్పడింది. జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ 1997లో ఏర్పాటైంది. 2013 నాటి ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం, మార్కెట్‌లో కనీసం 1 శాతం వాటా కలిగిన బ్రాండ్ల సగటు ధరకు చిల్లర వర్తకుని లాభంగా 16 శాతం చేర్చి గరిష్ఠ ధరను నిర్ణయిస్తారు. 2022లో సవరించిన అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో 384 మందులు ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి చాలా మందులపై జి.ఎస్.టి.ని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించగా, 33 ప్రాణరక్షక ఔషధాలపై పూర్తిగా తొలగించారు.

ధర మరీ తక్కువైతే ఉత్పత్తి తగ్గే ప్రమాదం ఉన్నది. ముడిపదార్థాల ధరలు పెరిగిన కారణంగా 2024 అక్టోబరులో ధరల సంస్థ 8 మందులకు సంబంధించిన గరిష్ఠ ధరలను 50 శాతం పెంచింది. క్షయ చికిత్సలో వాడే స్ట్రెప్టోమైసిన్ వాటిలో ఒకటి. మార్కెట్‌లో దొరకని మందు ఎంత చౌక అయినా రోగికి ప్రయోజనం ఉండదు.

తయారీ కేంద్రంగా జిల్లా

మందుల తయారీకి అవసరమైన మూల ఔషధాల కోసం విదేశాలపై, ముఖ్యంగా చైనాపై, ఆధారపడడం తగ్గించేందుకు కేంద్ర ప్రభుత్వం 2020లో మూడు బల్క్ డ్రగ్ పార్కుల పథకాన్ని 3,000 కోట్ల రూపాయలతో ఆమోదించింది. వాటిలో ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన పార్కుకు నక్కపల్లిలో నిర్మాణం నిమిత్తం 2025 జనవరి 8న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఇంతకుముందే పనిచేస్తున్నది.

మందులు తయారుచేసే కార్మికుల ఆరోగ్యం, భద్రత కూడా ఈ విధానంలో భాగమే. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలోని ఒక ఔషధ పరిశ్రమలో జరిగిన ప్రమాదంలో 17 మంది మరణించారు. అదే సంవత్సరం అక్టోబరు 29న అచ్యుతాపురంలో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

కోల్పోయిన కూలికి రక్షణ

1948 చట్టంతో రూపుదిద్దుకున్న ఈ.ఎస్.ఐ. పథకంలో, నిర్ణీత చందా చెల్లించిన కార్మికునికి అనారోగ్య కాలంలో వేతనంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల వరకు లభిస్తుంది. క్షయ, క్యాన్సర్ వంటి దీర్ఘవ్యాధులకు 80 శాతం చొప్పున మరింత కాలం చెల్లిస్తారు. ఫ్యాక్టరీ కార్మికునికి ఉన్న ఈ రక్షణ చెరకు కోత కూలీకి, బెల్లం మార్కెట్‌లోని కొలగార్లకు, కళాసీలకు సాధారణంగా ఉండదు.

ఈ లోటును కొంతమేర పూరించే ప్రయత్నాలు జరిగాయి. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం పేదల శస్త్రచికిత్సల ఖర్చును భరించింది. చికిత్స అనంతరం కోలుకొనే కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు చెల్లించే ఆరోగ్య ఆసరా పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2019 డిసెంబరులో ప్రారంభించింది. కోల్పోయిన కూలి కూడా వ్యాధి ఖర్చులో భాగమేనని పథకపు స్థాయిలో గుర్తించడం ఇందులోని విశేషం. క్షయ రోగులకు పోషకాహారం నిమిత్తం 2018 నుంచి నెలకు 500 రూపాయలు ఇచ్చే కేంద్ర పథకంలో ఆ మొత్తాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలకు పెంచారు.

గమనించవలసిన అంశాలు

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజలు సొంతంగా భరించే వాటా 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. ఇది గణనీయమైన మార్పు. అయితే ఈ లెక్కలు ఆరోగ్యంపై చేసిన ఖర్చుకే పరిమితం. కోల్పోయిన కూలి వీటిలో చేరదు. ఈ శాతాన్ని ఉటంకించునప్పుడు దానిని వ్యాధి వల్ల కలిగిన మొత్తం భారంగా పేర్కొనరాదు.

జిల్లాలో జ్వరాలు ప్రబలినప్పుడు సేకరించే సమాచారంలో కేసులు, మరణాల సంఖ్యతోపాటు రోగి పనికి దూరమైన రోజులు, తోడుగా ఉన్నవారు మానుకున్న రోజులు, మందు అందిన రోజు అనే మూడు వివరాలు చేర్చితే నష్టాన్ని అంచనా వేయడం సులభమవుతుంది. చెరకు కోత కాలంలో ఈ వివరాలకు మరింత విలువ ఉన్నది. ఆ కొద్ది నెలల కూలిపైనే అనేక కుటుంబాల ఏడాది అవసరాలు ఆధారపడి ఉంటాయి.